తల ఇటా, అటా? క్రమం తప్పిన ఒక స్ఫటికం కేసు

ఈ కేసులో మొదటి తప్పు నాదే. విద్యార్థి ల్యాప్‌టాప్‌లో చూపించిన ఎక్స్‌రే చిత్రంలో, చుక్కల మధ్య పొగలాగా సన్నటి గీతలు కనిపిస్తుంటే "బ్యాక్‌గ్రౌండ్ లే, వదిలెయ్" అన్నాను. జవాబు ఆ గీతల్లోనే ఉందని తెలుసుకోవడానికి ఏడు నెలలు పట్టింది. గుర్తుపట్టే వీలు లేకుండా అణువు మధ్యభాగం ఏమిటో, సెల్ (స్ఫటికంలో పదేపదే వచ్చే చిన్న పెట్టె) కొలతలేమిటో ఇక్కడ చెప్పడం లేదు. కథకు అవి అవసరం కూడా లేదు.

నేపథ్యం

నేను అనంతపురంలో పాఠాలు చెబుతాను. స్ఫటిక నిర్మాణాలు తేల్చడం నా పని. మా దగ్గర డిఫ్రాక్టోమీటర్ (స్ఫటికం మీద ఎక్స్‌రేలు వేసి చుక్కలు కొలిచే యంత్రం) లేదు. స్ఫటికాలను చిన్న సీసాలో పెట్టి వేరే ఊరికి పంపితే అక్కడ డేటా తీసి పంపుతారు. లెక్కలు మాత్రం ఇక్కడే, ఒక మామూలు డెస్క్‌టాప్ మీద.

విద్యార్థి తయారు చేసిన అణువు పొడుగ్గా, బల్లపరుపుగా ఉంటుంది. ఒక కొసన క్లోరిన్, ఇంకో కొసన మిథైల్. అగ్గిపుల్ల అనుకోండి: ఒక వైపు మందు, ఇంకో వైపు ఉత్త కట్టె. అయితే ఈ పుల్లకు రెండు కొసలూ దాదాపు ఒకే లావు. క్లోరిన్, మిథైల్ స్ఫటికంలో ఒకదాని చోట ఇంకొకటి ఇమిడిపోవడం ఈ రంగంలో అందరికీ తెలిసిన విషయమే. ఈ మార్పిడి నియమం గురించీ, అది ఎక్కడ తప్పుతుందన్న దాని గురించీ స్ఫటిక శాస్త్రవేత్తలు గౌతమ్ దేశిరాజు, శర్మ 1986లోనే రాశారు. కాబట్టి పెట్టెలో పుల్ల తల ఇటు పెట్టినా, అటు పెట్టినా పెట్టెకు పెద్ద తేడా తెలియదు.

నిర్మాణం పి21/సి అనే స్పేస్ గ్రూపులో (అణువుల అమరికలోని సౌష్ఠవాల జాబితా) తేలింది. సెల్‌కు రెండే అణువులు. అంటే ప్రతి అణువూ ఒక విలోమ కేంద్రం (ఎదురెదురు వైపులు ఒకేలా ఉండే నడిమి బిందువు) మీద కూర్చోవాలి. ఒక కొస క్లోరిన్, ఒక కొస మిథైల్ ఉన్న అణువుకు అలాంటి సౌష్ఠవం లేదు. కాబట్టి సగం అణువులు తల పైకి, సగం తల కిందికి. ఇంతవరకూ పేచీ లేదు. ఇలాంటి నిర్మాణాలు వందల్లో అచ్చయ్యాయి.

సమస్య

వ్యాసం పంపితే సమీక్షకుడు రెండు ప్రశ్నలు వేశాడు. కొసల్లో ఉన్న పరమాణువుల దీర్ఘవృత్తాలు (ఒక్కోటీ తన చోట ఎంత అటూ ఇటూ పరుచుకుందో చూపే గుడ్డు ఆకారాలు) ఎందుకంత సాగిపోయాయి? సి-గ్లైడ్ (అద్దంలో తిప్పి సగం అడుగు జరిపే సౌష్ఠవం) వల్ల సున్నా కావలసిన ప్రతిబింబాల్లో, అంటే చుక్కల్లో, కొన్నింటికి తీవ్రత కనిపిస్తోంది కదా, అసలు స్పేస్ గ్రూపు సరైనదేనా?

ఆర్ విలువ, అంటే కొలిచినదానికీ నమూనా చెప్పినదానికీ ఉన్న తేడా, 7.8 శాతం. మరీ చెడ్డదేం కాదు. కుర్రాడికి మాత్రం టెన్షన్ పట్టుకుంది.

"సార్, గ్రూపు మార్చి పంపిస్తే అయిపోతుంది కదా?"

"అయిపోతుంది నాయనా. అది నిజమో కాదో ఎవరు చెప్పాలి?"

పైకి అలా అన్నాను గానీ, నేనూ మొదట గ్రూపు మార్చే చూశాను.

ఏమేం చేశాం, ఏవి కుదరలేదు

సాగిన దీర్ఘవృత్తాల సంగతి త్వరగానే తేలింది. క్లోరిన్‌ను, మిథైల్ కార్బన్‌ను సరిగ్గా ఒకే బిందువు మీద పెట్టి చెరి సగం అని రాశాం. కానీ కార్బన్-క్లోరిన్ బంధం 1.74 ఆంగ్‌స్ట్రామ్‌లు, కార్బన్-మిథైల్ బంధం 1.51. రెండింటికీ 0.23 తేడా ఉంది. ఆ తేడాను ప్రోగ్రాం దీర్ఘవృత్తాన్ని సాగదీసి సర్దుకుంది. రెండింటినీ విడదీసి, బంధాల పొడవులకు పగ్గాలు వేసేసరికి ఆర్ 6.1కి దిగింది. మొదటి ప్రశ్న తీరింది.

రెండోది తీరలేదు. సి-గ్లైడ్ తీసేసి పి21లో సరిచూశాం. అక్కడ విలోమ కేంద్రం ఉండదు, కాబట్టి అణువు ఒకే దిక్కుకు తిరిగి ఉండే వీలుంది. రెండు దిక్కుల వాటాలను స్వేచ్ఛగా వదిలితే అవి మళ్లీ 50:50 దగ్గరికే వచ్చి ఆగాయి. పైగా పారామీటర్ల మధ్య సహసంబంధాలు విపరీతంగా పెరిగి సరిచూపు (నమూనాను డేటాకు సరిపెట్టే లెక్క) ఊగిసలాడింది. అప్పుడు వాదన ఇలా సాగింది: గ్రూపు తగ్గించడానికి కారణం క్రమం. క్రమమే రాకపోతే, ఉన్న సౌష్ఠవాన్ని పోగొట్టుకుని మనకు దక్కిందేమిటి? పి21 వదిలేశాం.

తర్వాత సెల్‌ను రెట్టింపు చేద్దామన్నాడు విద్యార్థి. స్ఫటికంలో అణువులు కొసకు కొస తగిలేలా గొలుసులుగా ఉంటాయి. గొలుసులో అవి ఒకటి పైకి, ఒకటి కిందికి మారుమారుగా ఉంటే, పాత చుక్కల పొరలకు నడిమధ్య, అంటే సగం స్థానాల్లో, కొత్త చుక్కలు రావాలి. వెతికాడు. లేవు. చుక్కలే కాదు, ఆ సగం పొరల్లో మసక కూడా లేదు. "అయితే ఏ క్రమమూ లేదు సార్, అంతా యాదృచ్ఛికం" అన్నాడు. నేనూ తల ఊపాను. ఇది రెండో తప్పు. నిజంగా యాదృచ్ఛికమైతే చెదిరిన తీవ్రత (చుక్కల్లో చేరకుండా మసకగా పరుచుకునేది) అన్ని చోట్లా సమంగా పరుచుకోవాలి, సగం పొరల్లో కూడా కనిపించాలి. అక్కడ ఖాళీగా ఉందంటే, ఆ తీవ్రత ఇంకెక్కడికో పోయి చేరిందన్నమాట.

తొలకరి పడ్డాక జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో జనం వజ్రాల కోసం వంగి నడుస్తుంటారు. మెరిసినదాని మీదకే కన్ను పోతుంది. మేమూ సరిగ్గా అలాగే చుక్కలను ఏరుకుని, మిగతా నేలంతా మన్నే అనుకున్నాం.

ఫ్రేములు కావాలి

సందేహం వచ్చింది ఒక చిన్న విషయంలో. సున్నా కావలసిన ఆ ప్రతిబింబాల ప్రొఫైళ్లు, అంటే స్ఫటికం తిరిగేకొద్దీ తీవ్రత ఎలా మారిందో, చూద్దామనుకున్నాను. నిజమైన బ్రాగ్ చుక్క (క్రమమైన అమరిక నుంచి వచ్చే పదునైన చుక్క) స్ఫటికం కొద్దిగా తిరగగానే మెరిసి ఆరిపోతుంది. ఇవి అలా కాకుండా ఫ్రేము (స్ఫటికాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ తీసే ఒక్కో చిత్రం) తర్వాత ఫ్రేములో ఈడ్చుకుంటూ ఉన్నట్టు అనిపించింది. అనిపించింది అనే అంటున్నాను, ఎందుకంటే మాకు వచ్చింది హెచ్‌కెఎల్ ఫైలు (చుక్కల తీవ్రతల పట్టిక), కొన్ని నమూనా చిత్రాలు మాత్రమే. అసలు ఫ్రేములు అడిగితే, చోటు చాలక తుడిచేశామన్నారు. మూడు నెలలు అలా పోయాయి.

రెండోసారి స్ఫటికాన్ని పంపేటప్పుడు కాగితం మీద రాసి పంపాను. ఫ్రేముకు పావు డిగ్రీకి మించి తిప్పొద్దు. ఎక్స్‌పోజర్ మామూలుకన్నా బాగా ఎక్కువ ఇవ్వండి. గది ఉష్ణోగ్రత దగ్గర ఒకసారి, 100 కెల్విన్ దగ్గర ఒకసారి తీయండి. స్ఫటికం తీసేసి, ఖాళీ మౌంట్‌తో అదే సెట్టింగులో ఇంకోసారి తీయండి. ఈ చివరిది అందరికీ చాదస్తంగా కనిపిస్తుంది. కానీ మనకు కావలసిన సిగ్నల్ చుక్కలకన్నా వేల రెట్లు బలహీనం. గాలి నుంచి, అంటించిన నూనె నుంచి వచ్చే మసక కూడా దానికి సమానంగా ఉండగలదు. దాన్ని కొలిచి తీసివేయకపోతే, మనం నమూనా కడుతున్నది నూనెకే.

కొత్త ఫ్రేములను పొరలు పొరలుగా కోసి చూసిన రోజు ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. గొలుసుకు అడ్డంగా, కడప బండలు దూరం దూరంగా పేర్చినట్టు, పలుచటి పలకలు. ఎల్ (గొలుసు దిశలో పొర వరుస సంఖ్య) విలువ 1, 2, 3 ఉన్నచోట పలకలున్నాయి. సరిగ్గా బ్రాగ్ చుక్కలున్న పొరల్లోనే! అందుకే ఇంతకాలం దొరకలేదు. ప్రోగ్రాం వాటిని కొంత చుక్కల్లో, కొంత బ్యాక్‌గ్రౌండ్‌లో కలిపేసింది. ఎల్ బేసి అయిన చోట్ల సి-గ్లైడ్ చుక్కను సున్నా చేస్తుంది గానీ, పలకను చేయలేదు. ఎందుకంటే ఈ చెదిరిన తీవ్రతలో పక్క పక్క గొలుసులు దాదాపు విడివిడిగా పాల్గొంటాయి. సమీక్షకుడు చూసిన అదనపు తీవ్రత ఇదే.

ఎల్ సున్నా ఉన్న పొర మాత్రం దాదాపు శుభ్రంగా ఉంది. నాకు నమ్మకం కుదిరింది అక్కడే. గొలుసు వెంట నిలబడి చూస్తే, పుల్ల తల పైకున్నా కిందికున్నా నీడ ఇంచుమించు ఒకటే. దిక్కుల తేడా వల్ల పుట్టిన మసక ఆ పొరలో కనిపించకూడదు, కనిపించలేదు.

కానీ ఇంకో అనుమానితుడున్నాడు. గొలుసులు మొత్తంగా ముందుకూ వెనక్కూ జారుతున్నా ఇలాంటి పలకలే వస్తాయి, ఎల్ సున్నా పొర అప్పుడూ ఖాళీగానే ఉంటుంది. వేరు చేయడానికి 100 కెల్విన్ డేటా పనికొచ్చింది. అంతా ఉష్ణ కదలికే అయితే గది వేడి నుంచి 100 కెల్విన్‌కు దిగేసరికి తీవ్రత దాదాపు మూడో వంతుకు పడిపోవాలి. దగ్గరి పలకల తీవ్రత మారలేదు. దూరపు పలకలు మాత్రం కొంత తగ్గాయి. అంటే రెండూ ఉన్నాయి, కానీ ప్రధానమైనది గడ్డకట్టిపోయిన దిక్కుల గందరగోళం.

పాత గొడవే ఇది. 1940లో బెంగళూరులో సి.వి. రామన్, నీలకంఠన్ వజ్రం ఎక్స్‌రే చిత్రాల్లో ఇలాంటి అదనపు గుర్తులు చూసి కొత్త సిద్ధాంతం చెప్పారు. లండన్‌లో స్ఫటిక శాస్త్రవేత్త కాథలీన్ లాన్స్‌డేల్ లాంటివాళ్లు వాటిలో ఎక్కువ భాగం ఉష్ణ కదలికతోనే వివరించవచ్చన్నారు. వాదన రామన్ వైపు నిలవలేదు. కదలికా, కట్టడమా అన్న ప్రశ్న మాత్రం ఈ పని చేసే ప్రతివాడికీ ఇప్పటికీ ఎదురవుతుంది.

నమూనా కట్టడం

బ్రాగ్ చుక్కలు సగటు చెబుతాయి. ఒక చోట సగం అటు, సగం ఇటు. పక్కవాడు ఎటు తిరిగాడో అవి చెప్పవు. చెదిరిన తీవ్రత జతల సంగతి చెబుతుంది. దాన్నుంచి నేరుగా అణువుల అమరిక రాబట్టడం కష్టం. అందుకే కంప్యూటర్‌లో ఒక స్ఫటికాన్ని కట్టి, దాని నుంచి ఎలాంటి మసక రావాలో లెక్కగట్టి, కొలిచినదానితో పోల్చాలి.

విద్యార్థి మొదట రివర్స్ మాంటే కార్లో పట్టాడు. అంటే ప్రతి అణువునూ ఇష్టం వచ్చినట్టు కదిలిస్తూ, చిత్రం దగ్గరికొచ్చే మార్పులన్నీ ఉంచుకోవడం. రెండు రాత్రుల్లో చిత్రం అద్భుతంగా సరిపోయింది. పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాడు. యాదృచ్ఛిక సంఖ్యల విత్తనం మార్చి ఇంకో రెండుసార్లు నడపమన్నాను. మూడుసార్లూ చిత్రం సరిపోయింది, లోపలి కదలికలు మాత్రం మూడు రకాలుగా వచ్చాయి. వేలకొద్దీ స్వేచ్ఛలిస్తే నమూనా దేనికైనా ఒప్పుకుంటుంది. ఈ పద్ధతి చెడ్డదని నేననను. మా ప్రశ్నకు అది జవాబివ్వలేదు, అంతే. మేమడిగింది కారణం.

కాబట్టి తక్కువ పారామీటర్లతో కట్టాం. 32×32×32 సెల్‌ల పెట్టె, 65,536 అణువులు. ప్రతి అణువుకూ ప్లస్ లేదా మైనస్. గొలుసులో పక్క అణువుతో ఒక బంధబలం, పక్క గొలుసుతో ఇంకొకటి. రెండు అణువులను తీసుకుని వాటి దిక్కులు ఇచ్చిపుచ్చుకునేలా చేస్తాం. మొత్తం శక్తి తగ్గితే ఉంచుతాం. పెరిగితే, ఎంత పెరిగిందో చూసి ఆ మేరకు తగ్గే అవకాశంతో ఉంచుతాం. 1953 నాటి మెట్రోపోలిస్ పద్ధతే. ఇచ్చిపుచ్చుకోవడం వల్ల 50:50 చెక్కుచెదరదు. ఆ ఒక్కటే మనకు ఖాయంగా తెలిసిన విషయం, దాన్ని పోగొట్టుకోకూడదు.

విద్యార్థి మొదటి ఊహ క్లోరిన్-క్లోరిన్ ఆకర్షణ. క్లోరిన్ కొసలు ఎదురెదురుగా వచ్చేలా పెట్టాడు. అలాగైతే అణువులు మారుమారుగా తిరగాలి, పలకలు సగం స్థానాల్లో రావాలి. అలాగే వచ్చాయి, కొలిచినదానికి సరిగ్గా వ్యతిరేకంగా. బంధబలం గుర్తు (ప్లస్, మైనస్) తిరగేసేసరికి పలకలు తమ చోటికొచ్చాయి. అంటే గొలుసులో అన్నీ ఒకే వైపు తల పెట్టి పడుకున్నాయి. ప్రతి క్లోరిన్ ఎదుటా ఒక మిథైల్.

ఎంత గట్టిగా? దానికి పలక వెడల్పు చూడాలి. చుక్కల సొంత వెడల్పు తీసివేశాక, రెండు పలకల మధ్య దూరంలో అది దాదాపు 7 శాతం. ఒక గొలుసుకు ఇది చేత్తో వేసుకోగలిగిన లెక్కే. నూటికి 90 జతలు ఒకే దిక్కుంటే పొరుగు సహసంబంధం 0.8. రెండో పొరుగుకు 0.64, మూడోదానికి 0.51. అప్పుడు వెడల్పు 7 శాతం వస్తుంది, శిఖరానికీ లోయకూ 81 రెట్ల తేడా ఉంటుంది. సగం పొరలు ఎందుకంత ఖాళీగా కనిపించాయో చెప్పే సంఖ్య ఈ 81.

స్థానం, వెడల్పు కుదిరాయి. పలకల బలాబలాలు కుదరలేదు. ఐదో, ఆరో పలక దగ్గరికి పోయేకొద్దీ నమూనా తప్పుతోంది. నన్ను బాగా తిప్పలు పెట్టింది ఈ దశే. మేలో అనంతపురం ఎండ, మధ్యలో కరెంటు పోవడం, యూపీఎస్ పది నిమిషాలకే చేతులెత్తేయడం. మధ్యమధ్య స్థితిని ఫైలులో దాచుకునేలా ప్రోగ్రాం మార్చుకున్నది అప్పుడే.

దిక్కులు తేలాక అణువులు కొంచెం సర్దుకునేలా వాటి మధ్య స్ప్రింగులు పెట్టాం. విద్యార్థి పట్టిక చూసి క్లోరిన్ వ్యాసార్ధం 1.75, మిథైల్ 2.00 అని తీసుకుని, అణువు కేంద్రం నుంచి కేంద్రానికి స్ప్రింగు పొడవులు ఇచ్చాడు. క్లోరిన్-క్లోరిన్‌కు దగ్గర, మిథైల్-మిథైల్‌కు దూరం. చూడ్డానికి సబబే. దాని ఫలితంగా ప్రతి అణువూ తన క్లోరిన్ వైపు 0.125 ఆంగ్‌స్ట్రామ్‌లు జరిగింది. దూరపు పలకలను చెడగొట్టింది ఈ జరుగుడే.

ఒక సాయంత్రం టీ తాగుతూ కాగితం మీద కూడి చూశాను. బంధం పొడవు కూడా కలపాలి కదా! క్లోరిన్ కొస: 1.74కు 1.75 కలిపితే 3.49. మిథైల్ కొస: 1.51కు 2.00 కలిపితే 3.51. తేడా 0.02. క్లోరిన్ సన్నం, కానీ ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. మిథైల్ లావు, కానీ లోపలికి ఉంటుంది. ఆర్ విలువను దించిన ఆ 0.23నే ఇక్కడ మరిచిపోయాం. రెండు కొసలూ ఒకే చోటికి చేరుతున్నాయి కాబట్టే ఈ స్ఫటికం తల ఎటున్నా పట్టించుకోలేదు. స్ప్రింగులను కేంద్రాల నుంచి తీసి కొస పరమాణువులకు తగిలించాం. జరుగుడు దాదాపు మాయమైంది. మామూలు ఉష్ణ జారుడు కొంచెం చేర్చగానే దూరపు పలకలు కూడా కుదిరాయి.

ఇక మిగిలింది పలక లోపలి హెచ్చుతగ్గులు. అవి పక్క గొలుసుల మధ్య చిన్న వైరాన్ని చూపించాయి. సహసంబంధం మైనస్ 0.1 చుట్టూ, అంతకు మించి లేదు. దాని మీద నేనేమీ కట్టను.

చివరి పరీక్షకు రెండు పొరలు ముందే దాచి ఉంచాం. నమూనాను ఒకటో, రెండో పలకల మీద, ఒక నిలువు కోత మీద సరిచేసి, మూడో, ఐదో పలకలు ఎలా ఉండాలో చెప్పమన్నాం. చూపించని పేపరుతో పరీక్ష పెట్టినట్టు. మూడోది బాగా వచ్చింది. ఐదోదాని అంచుల్లో తేడా మిగిలింది, వ్యాసంలో దాన్ని తేడాగానే చూపించాం.

ఇప్పుడు ఇంకోసారి చేస్తే

మొదటి రోజే ఫ్రేములు అడుగుతాను. అవి మా దగ్గరికి చేరేదాకా సీసా పంపిన పని అయిపోయినట్టు కాదు. క్రమం కోసం వెతికేటప్పుడు సగం స్థానాలే కాదు, చుక్కల కింద కూడా చూస్తాను. సంఖ్యలు సరిపోగానే సంతోషించే ముందు విత్తనం మార్చి నడుపుతాను.

మరో విషయంలో విద్యార్థికీ నాకూ చిన్న వాదన జరిగింది. నమూనాలోని బంధబలాన్ని కిలోజౌళ్లలోకి మార్చి వ్యాసంలో రాశాడు. నేను కొట్టేశాను. మనకు తెలిసింది శక్తికీ ఉష్ణోగ్రతకూ మధ్య నిష్పత్తి మాత్రమే. పైగా ఈ అణువులు గట్టిపడ్డాక బోర్లాపడలేవు. స్ఫటికం పెరిగే సమయంలో ఎవరు ఎలా వచ్చి అతుక్కున్నారో అలాగే ఉండిపోయారు. అలాంటప్పుడు ఆ ఉష్ణోగ్రత ఎక్కడిది? "మరి ఆ 90 శాతం అణువు గుణమా, పెరిగిన తీరా సార్?" అని అడిగాడు. మంచి ప్రశ్న.

అదే పదార్థాన్ని ఫ్రిజ్‌లో నాలుగు వారాలు నెమ్మదిగా పెంచి ఇంకో స్ఫటికం పంపాం. ఈసారి పలక వెడల్పు 7 నుంచి 5 శాతానికి తగ్గింది. అంటే నూటికి 90 కాదు, 93 జతలు ఒకే దిక్కు. ఆర్ విలువ మాత్రం రెండు స్ఫటికాలకూ ఒకటే, 6.1.